వేలుచ్చామి కుడికాలు

వాల్పారై కొండ దిగగానే మొదట తగిలేది నా మెకానిక్ షెడ్డే. ఆ ఘాట్ రోడ్డు నలభై మలుపుల మీద ముప్పై ఏళ్లుగా టాక్సీ నడుపుతున్న వేలుచ్చామి అన్న ఆ రోజు బండి ఆపి, సీట్లోంచి దిగకుండానే గొణిగాడు.

"బ్రేకు తొక్కితే పాదం కింద దడదడమంటోందిరా సెందిల్. బండిలో ఏమైనా ఉందేమో చూడు."

"ఎన్నాళ్ల నుంచి?"

"పది రోజులు."

"పది రోజులా! జనాన్ని ఎక్కించుకుని ఇలాగే తిరిగావా? బుద్ధుందా అన్నా?" అని అరిచాను. ఆయన తల దించుకున్నాడు.

ముందు చక్రాలు విప్పి, బ్రేకు డిస్కుకు వంకర కొలిచే గేజీ ఆనించి తిప్పాను. ముల్లు అటూ ఇటూ ఊగింది. రెండో డిస్కూ అంతే, వంకరపోయింది.

"కొండ దిగగానే ఏం చేస్తావు?"

"మునియప్పన్ గుడి ముందు చక్రాలకు నాలుగు బిందెలు నీళ్లు కొట్టి, కర్పూరం వెలిగిస్తాను. మురికి బండిని స్వామి ముందు పెట్టమంటావా?"

"కాలే ఇనుము మీద చన్నీళ్లు పోస్తే వంకరపోదా! ముందు టీ తాగు, చక్రాలు చల్లారాక కడుగు. స్వామి ఎక్కడికీ పోడు."

కొత్త డిస్కులు బిగించాక ఇద్దరం మూడు మలుపులు ఎక్కి దిగాం. ఆయన బ్రేకు తొక్కాడు, మళ్లీ తొక్కాడు. బండి మెత్తగా ఆగింది.

ఆయన తన కుడి మోకాలిని రెండు చేతులా పట్టుకున్నాడు.

"వణికేది నా కాలేననుకున్నానురా. మా నాన్నకూ వణుకు జబ్బు ఇలాగే కాలితో మొదలైంది" అన్నాడు. తర్వాత కళ్లు తుడుచుకుని నవ్వాడు. "ఇందాక ఏదో తిడుతున్నావే, ఇంకో నాలుగు తిట్టరా."