ఎర్రపూస నెత్తిన ఎర్రపూస

ప్రోటీన్ అంటే తినేదే అనుకునేదాన్ని, తొమ్మిదితో బడి మానేసినదాన్ని మరి. అది పూసలదండలా ఉండి స్ప్రింగులా చుట్టుకుంటుందట. కాలేజీ మేడం తన క్లాసు పిల్లలకి చూపించడానికి అలాంటి స్ప్రింగులు ఆరు చేసిపెట్టమంది. చీపురుకర్రకి ఐదు చుట్లు తిప్పిన తీగ, దానికి పందొమ్మిది పూసలు. రెండు చివర్లా ఎర్రవి, మధ్యలో నీలంవి. పూసకీ పూసకీ నడుమ ఎడం కోసం ఒక చిన్న గొట్టం ముక్క. పూసలు లెక్కపెట్టి మరీ ఇచ్చింది.

ఆరో స్ప్రింగు దగ్గరికొచ్చేసరికి ఒక నీలంపూస తక్కువైంది.

పది నెలల మా పాప చిట్టెలుక చాప మీద కూర్చుని, మూతి బిగించి నావంకే చూస్తోంది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"అత్తయ్యా, మింగేసింది!"

అత్తయ్య బట్టలు మడతపెడుతూ తలైనా ఎత్తలేదు. "మింగితే పొద్దున్నే అదే బయటికొస్తుందిలే. మీ ఆయన చిన్నప్పుడు చొక్కా గుండీ మింగాడు. కడిగి మళ్ళీ కుట్టేశాను."

"అమ్మా! ఏ చొక్కాకి?" అన్నారు మా ఆయన.

నాకు ప్రాణసంకటం, వీళ్ళకి వేళాకోళం. ఆస్పత్రికి బయల్దేరమని ఆయన మీద అరిచి, మేడంకి ఫోన్ చేశాను.

"కంగారుపడకు. ముందు చేసినవన్నీ నిలబెట్టు," అందావిడ. "చుట్టుకి మూడున్నర పైచిలుకు పూసలు పడతాయి. అంచేత ఐదు చుట్లకి పద్దెనిమిది పట్టి, పందొమ్మిదో పూస సరిగ్గా మొదటిదాని నెత్తిన కూర్చోవాలి. పక్కన స్కేలు నిలబెట్టి చూడు. రెండు ఎర్రపూసలూ స్కేలుకి తగులుతున్నాయా?"

మొదటి స్ప్రింగులో తగిలాయి. రెండోదాంట్లో, మూడోదాంట్లో కూడా తగిలాయి. నాలుగోదాంట్లో పై ఎర్రపూస అలిగిన ఆడపడుచులా పక్కకి తిరిగి కూర్చుంది. వేలు పెట్టి లెక్కపెట్టాను. ఇరవై! చిట్టెలుక ఏడుస్తుంటే ఒడిలో ఊపుతూ గుచ్చింది అదే.

"పసిదాన్ని పట్టుకుని దొంగని చేశావు కదే," అన్నారాయన, తొడుక్కున్న చెప్పులు విప్పేస్తూ.

పిల్లని ఎత్తుకుని ఊపిరాడకుండా ముద్దులు పెట్టాను. పకపకా నవ్వింది. ఆ నవ్వుతో పాటు దాని నోట్లోంచి నా భుజం మీద ఏదో ఊడిపడింది. నానిపోయిన గొట్టం ముక్క.

ఫోనింకా చేతిలోనే ఉంది. "మేడం, గొట్టం ముక్కలు ఎన్నిచ్చారో లెక్కుందా?"

"వాటికి లెక్కేంటమ్మా, గుప్పెడు తీసి పోశాను."

"ఏమండీ," అన్నాను, "ఆ చెప్పులు మళ్ళీ తొడుక్కోండి."