జోలె పట్టించిన చీటీ

ఆ మేనత్తా మేనకోడలూ ఇంటి ముందుగదిలో గుడ్డ సంచులు కుట్టి అమ్ముతారు. భుజానికి తగిలించుకొనే పెద్ద సంచిని అత్త ఎప్పుడూ ‘జోలె’ అనే అంటుంది. అందుకే ఒక ఆఫీసువాళ్ళకు అరవై సంచులు కుట్టినప్పుడు, మేనకోడలు ప్రతిదానికీ లోపలివైపు ‘జోలె’ అని అచ్చువేసిన గుడ్డచీటీ కుట్టింది.

మూడోనాడు ఆ ఆఫీసు మేనేజరు, నడివయసు ఆవిడ, సంచులన్నీ ఆటోలో వేసుకొని వచ్చింది.

“కుట్టు బాగుందమ్మా, మాటే బాలేదు. మా స్టాఫ్ చేత జోలె పట్టిస్తావా?”

మేనకోడలి ముఖం చిన్నబోయింది. చీటీలు తీసేసి ఇస్తానంది. కానీ ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. సాయంత్రం పక్కవీధిలో ఉండే రిటైరైన మేష్టారి దగ్గరికి వెళ్ళింది. ఆయన నిఘంటువు తీసి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

“భుజాన వేలాడే సంచి, అంతే. అడుక్కునేవాళ్ళూ అదే తగిలించుకున్నారు. దాంతో మాటకి ఆ వాసన అంటుకుంది.”

“అసలు ఎలా పుట్టింది మేష్టారూ?”

“ఇరుగుపొరుగు భాషల్లోనూ ఇలాంటి మాటే ఉంది. ఊగడం అనే అర్థంలోంచి వచ్చిందని కొందరంటారు. తేల్చి చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు.”

ఇంటికొచ్చి అదే అత్తతో చెప్పింది. అత్త సూదిలో దారం ఎక్కిస్తూ వింది.

“ఊగడమా? ఉండొచ్చు. మీ అమ్మ పోయాక నిన్ను జోలెలో వేసుకొనే మిల్లుకెళ్ళేదాన్ని. పాత చీర కొసలు ముడేసి మెళ్ళో వేసుకుంటే, నేను అటూ ఇటూ తిరుగుతుంటే నువ్వు ఊగుతూ నిద్రపోయేదానివి.”

“నాకెప్పుడూ చెప్పలేదేం?”

“నువ్వడిగితేగా.”

మర్నాడు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చొని చీటీల కుట్లు విప్పారు. ఏ మిల్లు, ఎన్నాళ్ళు చేశావు, నేను ఏడిస్తే సూపర్‌వైజరు ఏమనేవాడు అని మేనకోడలు అడుగుతూనే ఉంది. అత్త గుర్తొచ్చినంత చెప్పింది, గుర్తులేనిచోట లేదనేసింది. ఒక పూటలో తెమలాల్సిన పని రెండు రోజులు పట్టింది. ఆలస్యమైందని మేనేజరు ఫోన్లో కాస్త విసుక్కుంది. మేనకోడలు తప్పు ఒప్పుకొని, సంచులు తనే మోసుకెళ్ళి ఇచ్చి వచ్చింది.