పై అర్రలు

తెల్లారినప్పటి నుంచి పాతబస్తీ మొఘల్‌పురా మీద మబ్బు కమ్ముకొని ఉంది. కురవదు, పోదు. పైనున్న రెండు అర్రలు ఊడ్చి, కిటికీలు మూసి రుక్మిణమ్మ మెట్లు దిగింది. ఆ అర్రల్లో ఎవరూ ఉండరు. కొడుకు విశాల్ పెండ్లాంతో కొత్తపేటకు పోయినప్పటి నుంచి తాళమే. అయినా వారం వారం ఊడవాలి. "ఇల్లు పాడుబడ్డట్టు కనబడొద్దు," అంటాడు భర్త వైకుంఠం. ఊడ్చేది ఆయన కాదు గద.

గల్లీలో తమవాళ్లు ఒక్కొక్కరే ఇండ్లమ్ముకొని పోయారు. నాగమణమ్మ ఇంట్లో ఇప్పుడు కుట్టుమిషన్లు నడుస్తున్నాయి. ఎదురింటి అరుగు మీద సాయంత్రమైతే ట్యూషన్ పిల్లలు ఎక్కాలు అరుస్తారు. గల్లీ ఖతమైందని వైకుంఠం ఉస్మాన్‌గంజ్‌లోని తన దుకాణంలో కూచొని అందరికీ చెప్తాడు. రుక్మిణమ్మకు అట్లా అనిపించదు. మునుపటికంటే ఇప్పుడే ఇక్కడ కిటికీల్లో దీపాలెక్కువ. చీకటి ఉన్నది తమ పై అర్రల్లోనే.

కిరాయికి అడిగేవాళ్లు వస్తూనే ఉంటారు. వైకుంఠం ఎవర్నీ కాదన్నవాడు కాదు. లోపల కుర్చీలో కూచొని పేరు వింటాడు. పేరు నచ్చకపోతే ఒక దగ్గు దగ్గుతాడు. అది వినగానే గడపలో నిలబడ్డ రుక్మిణమ్మ, "మా చుట్టాలొస్తున్నరు బిడ్డా, ఖాళీ లేదు," అనాలి. "ఆడమనిషి చెప్తే మెత్తగుంటది," అంటాడు. సేటు మంచోడు, ఆమెనే గట్టిదని గల్లీలో పేరు. ఒకసారి పాలమూరు నుంచి వచ్చిన ఉర్దూ టీచరమ్మకు కూడా అదే చెప్పింది. ఆమె చంకలోని బిడ్డ తలమీద కొంగు కప్పి, "కోయీ బాత్ నహీ అమ్మా, పర్వాలేదు," అని వానలోకే దిగిపోయింది.

మధ్యాహ్నం, వైకుంఠం అన్నానికి ఇంటికొచ్చిన వేళ, తలుపు చప్పుడైంది. సుజన. కంచన్‌బాగ్‌లో కాంట్రాక్టు పనికి పోయే డానియేలు భార్య. గల్లీ మూలన ఒక్క అర్రలో కాపురం.

"పెద్దమ్మా, మా అత్తమ్మ ఇగ మా దగ్గర్నే ఉంటది. ఒక్క అర్రల పిల్లతోటి నలుగురం అయితలేదు. పోయినేడు అడిగితే చుట్టాలొస్తున్నరన్నవు. వాళ్లు వచ్చిపోయిన్రా?"

దెప్పుతూ అడగలేదు. నమ్మి అడిగింది. ఏడాదంతా నమ్మే ఉంది. రుక్మిణమ్మకు మొఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లోపల దగ్గు వినబడింది.

మాట నాలుక మీదికి వచ్చేసింది. తనకెవరి మీదా కోపం లేదని, చెప్పించేది ఆయనేనని, నోరు మాత్రమే తనదని ఇన్నేండ్లూ సర్దిచెప్పుకుంది. కానీ ఆ నోరు ఒక్కనాడన్నా తడబడిందా? చంకలో పసిబిడ్డను చూసి కూడా తడబడలేదు.

"ఇగో, ఒకసారి బయటికి రాండ్రి," అంది వెనక్కి తిరగకుండా. "సుజన అడుగుతున్నది. మీరే చెప్పుండ్రి."

మళ్లీ దగ్గు, ఈసారి గట్టిగా. ఆమె కదలలేదు. కొంతసేపటికి అంగీ గుండీలు పెట్టుకుంటూ వైకుంఠం వచ్చాడు.

"నమస్తే సేటూ," అంది సుజన.

ఆయన ఆమె మొఖం చూశాడు, నేల చూశాడు. చుట్టాల మాట ఆయనకు నోరు తిరగలేదు. ఎన్నడన్నా అంటే గద.

"మెట్లు నిట్టనిలువుగుంటయి. ముసలామెకు కష్టమైతది."

"డానియేలు ఎత్తుకొని అన్నా ఎక్కిస్తడు. బియ్యం సంచి కన్న తేలికనే ఉంటది మా అత్త," అని సుజన నవ్వింది.

ఆయన పెండ్లాం దిక్కు చూశాడు. ఆమె సాయం పోలేదు.

"ఆదివారం చర్చి అయినంక సామాను తెచ్చుకోండ్రి," అంది సుజనతో.

"దేవుడు నిన్ను చల్లగ చూడాలె పెద్దమ్మా," అని సుజన వెళ్లిపోయింది.

"గడపల నిలబెట్టి నా ఇజ్జత్ తీస్తివి గదనే," అన్నాడు వైకుంఠం.

"నాది ఏండ్ల సంది ఆ గడపల్నే పోతున్నది."

రోజూ ఆయన తిన్నాకే తినే రుక్మిణమ్మ ఆ పూట రెండు కంచాలు పెట్టి ఎదురుగా కూచుంది. పప్పు, పచ్చిపులుసు. సుజన దీవెన ముద్ద ముద్దకూ గుర్తొస్తోంది. ఆ దీవెనకు తాను తగిన మనిషి కాదు. చేసిందేముంది, ఒక్కసారి అబద్ధం ఆడకుండా ఉంది, అదీ ఇన్నేండ్లకు. వైకుంఠం పప్పు అడగలేదు. ఆమె వడ్డించలేదు. ఇద్దరూ తలలు వంచుకొని, ఒకరి మొఖం ఒకరు చూడకుండా అన్నం తిన్నారు.