రేవు పలకాల్సిన మాట

కొబ్బరికాయల పున్నమికి మా రేవులో సముద్రానికి గారాణె పెడతాం. అంటే మొర. ఒకడు మా మాల్వణి యాసలో చెబుతాడు. వాడు ఊపిరి కోసం ఆగిన ప్రతిచోటా రేవంతా "హోయ్ మహారాజా" అనాలి. ఆ మాట పడకపోతే మొర సముద్రానికి చేరదు. మా అన్న భివా ఉన్నన్నాళ్లూ ఆయనే చెప్పాడు.

ఇప్పుడు అందరిదీ కొత్త మరాఠీ. నాగపూర్ నుంచి మాల్వణ్ దాకా ఒకటే మాట. బడిలో అదే, చెవిలో పెట్టుకునే యంత్రంలో అదే. తప్పుపట్టను. కోడళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి కలిసిపోయారు. పూర్వం ఆస్పత్రిలో మేం నోరు తెరిస్తే నవ్వేవారు, ఇప్పుడు నవ్వరు. మా యాస ముసలివాళ్లం కొందరి దగ్గరే మిగిలింది.

ఒక ఏడు వానల ముందు అన్న కొడుకు నంద్యా పడవ తిరిగిరాలేదు. శవమూ దొరకలేదు. ఒడ్డుకు ఇమ్మని పున్నమినాడు సముద్రాన్ని అడగాలి. ద్వారకా వదిన ఆ రోజు కోసమే ప్రాణం పట్టుకుని ఉంది.

మొర చెప్పే పని రేవు సంఘం పెద్ద మహేంద్ర మీద పడింది. మంచివాడు. కొత్త మరాఠీలో చక్కగా రాసుకొచ్చి, ఎక్కడా ఆగకుండా చెప్పాడు. నంద్యా పేరు గౌరవంగానే తలిచాడు. అయిపోగానే అందరూ చప్పట్లు కొట్టారు.

వదిన నా వైపు తిరిగింది. "చప్పట్లెందుకురా సగుణా? నా కొడుకేమన్నా పందెం గెలిచాడా?"

తనే మళ్లీ అంది.

"మీ అన్న మాటలు నీకొచ్చు. నువ్వడుగు."

"నలుగురిలో నాకు నోరు పెగలదు వదినా."

"నలుగురెక్కడున్నార్రా? పలికేది నేనొక్కదాన్నేగా."

మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగాను. అన్న చెప్పినట్టే చెప్పాను. మా బిడ్డ నీ దగ్గరున్నాడు, నీకు బరువు, మాకిచ్చెయ్యి. ఆగాను. "హోయ్ మహారాజా" అంది వదిన. ఆ గొంతు ఒక్కటే. ఇంకో ముసలాయన పెదాలు కదిపాడు గాని శబ్దం రాలేదు. మిగతావాళ్లు మర్యాదగా నిలబడి చూశారు.

నంద్యా రాలేదు. కార్తీకంలో వదిన పోయింది.

మరుసటి ఏడు కొబ్బరికాయల పున్నమికి మహేంద్ర మా ఇంటికొచ్చాడు. ఆనాటి మా గొంతులు యంత్రంలో పట్టి ఉంచాడట.

"మీరు చెప్పండి కాకా. జవాబు పెట్టెలోంచి వస్తుంది. మా ద్వారకా కాకీ గొంతే."

వద్దనలేకపోయాను. నీళ్లలోకి దిగి నంద్యాను మళ్లీ అడిగాను. ఆగాను. వెనకనుంచి వదిన "హోయ్ మహారాజా" అంది, ఈసారి రేవంతా వినబడేలా.

తర్వాతి ముక్క, ఆ ఏడు ఊళ్లో పోయినవాళ్లకు శాంతి అడిగేది. ద్వారకా అని పేరు చెప్పి ఆగాను.

దానికీ వదినే పలికింది.