డాఫడిళ్లకు క్షవరం

మా తమ్ముడికి సెలూన్ ఉంది. చేయి తిరిగినవాడే, కాదనను. కానీ ఇంటికొచ్చినా ఆ చేతికి దురద తీరదు. ఏది గుబురుగా కనిపించినా కత్తిరించాల్సిందే.

పెరట్లో నేను నాటిన డాఫడిల్ అనే పసుపుపచ్చ పూల గడ్డలు మొదటి వసంతంలో విరగబూశాయి. పూలు వాడాక ఆకులు చిందరవందరగా వాలిపోయాయని వీడు వాటికి నున్నగా క్రాఫు చేసేశాడు.

"కత్తిరించేకొద్దీ ఒత్తుగా వస్తాయక్కా" అన్నాడు.

మరుసటి ఏడాది ఆకులే వచ్చాయి. వాటికీ క్రాఫే. ఏటేటా ఇదే తంతు. చివరికి గడ్డలు అమ్మినామెను అడిగితే తల పట్టుకుంది.

"పచ్చి ఆకు కోశారా? గడ్డకి తిండి పెట్టేది ఆకేనమ్మా! అది ఎండి దానంతటదే ఊడాలి. అప్పుడే గడ్డ బలిసి పువ్వెత్తుతుంది."

అంటే ఇన్నేళ్లూ వీడు వాటి నోటి దగ్గర కూడు లాగేశాడన్నమాట. నాకు ఒళ్లు మండిపోయింది. పోయిన ఏడాది కత్తెరతో పెరట్లో అడుగుపెట్టొద్దన్నాను. కోయకుండా వదిలేసిన ఎండుటాకులు చూసి మరదలు మొహం చిట్లించింది. తమ్ముడు బేరం పెట్టాడు.

"వచ్చే వసంతానికి పూస్తే నీ ఇష్టం. లేదంటే అక్కడ సిమెంటు పోయించి కారు పెట్టుకుంటా."

పౌరుషానికి పోయి సరేనన్నాను. రోజంతా ఆసుపత్రి లాండ్రీలో తెల్ల దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంటాను. ఇంటికొచ్చాక నాకంటూ ఒక పసుపుపచ్చ పువ్వు కావాలి. అదేమన్నా గొంతెమ్మ కోరికా?

వసంతం వచ్చింది. ఆకులు ఏపుగా లేచాయి. మొగ్గ ఒక్కటీ లేదు. ఏడుపొచ్చింది. తమ్ముడు సిమెంటు బస్తాతో సహా తాపీమేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. నేను వెళ్లి మడి మధ్యలో నిలబడ్డాను.

"మాటంటే మాటే అక్కా."

వంగి ఒక గడ్డ పెకిలించి వాడి అరచేతిలో పెట్టాను. "నిరుడు తవ్వి చూస్తే ఇది వెల్లుల్లి రెబ్బంత ఉంది. ఇప్పుడు చిన్న ఉల్లిపాయంత అయింది. ఇంకా బలవాలి. ఇన్నేళ్లు పస్తులుంచి, ఒక్క ఏడాది తిండికే పూయమంటే ఎలా పూస్తుందిరా?"

"మరి పందెం?"

"ఓడిపోయాను. మాట కూడా తప్పుతున్నాను. ఇల్లు నాన్న ఇద్దరికీ ఇచ్చాడు, ఈ మడి నా వాటా. పోస్తే నా కాళ్ల మీద పోయించు."

మేస్త్రీ మా ఇద్దరి మొహాలూ చూసి బస్తా మళ్లీ భుజానికెత్తుకున్నాడు. తమ్ముడు గడ్డను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎంత లోతులో పెట్టాలక్కా?" అని గొణిగాడు.

"నువ్వేం పెట్టక్కర్లేదు, ఇటివ్వు" అని లాక్కుని వాడి ఎదురుగానే నాటాను. వచ్చే ఏడూ పూయకపోతే ఆ పై ఏడు పూస్తుంది. దీని మీద ఇంకెవరితోనూ పందెం కాయను.