చిన్నోడి కుడి వరుస

ఐదు రోజులు చెమటోడ్చి ఆడి, చివరికి నాలుగంటే నాలుగు పరుగుల తేడాతో జట్టు టెస్టు మ్యాచ్ ఓడిపోయింది. డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరూ ఎవరి మొహమూ చూడడం లేదు. ఒకడు ప్యాడ్లు విప్పకుండానే కూలబడ్డాడు. ఇంకొకడు తడి తువ్వాలు నెత్తిన కప్పుకున్నాడు. పక్కనున్న ఇరుకు గదిలో వీడియో మాస్టారికి మాత్రం తీరిక లేదు. గెలిచినా ఓడినా గంటలోపు ఆయన ఒక కాగితం తయారు చేయాలి. ఎడమ వరుసలో ఒక్కొక్కరి బలం, కుడి వరుసలో బలహీనత. దాన్ని అందరి ముందూ చదవాలి. పేరు వచ్చినవాడు లేచి నిలబడి వినాలి. ఈ జట్టులో అది పద్ధతి.

అందులో ఒక తమాషా ఉంది. రెండేళ్లుగా చిన్నోడి పేరుకెదురుగా కుడి వరుస ఖాళీ. చిన్నోడు మాస్టారికి స్వయానా తమ్ముడు, జట్టుకి ఐదో నంబరు బ్యాట్స్‌మన్. "అన్నయ్య రాసేవాడైతే మనకీ లోపాలుండవు" అని మిగతావాళ్లు ఆటపట్టించేవారు. పాపం, వాళ్లకేం తెలుసు? అది ప్రేమ కాదు, పచ్చి కడుపుమంట.

అన్నదమ్ములిద్దరూ ఒకే రోజు సెలక్షన్‌కి వెళ్లారు. చిన్నోణ్ని ఉంచుకున్నారు, పెద్దోణ్ని ఇంటికి పంపారు. పెద్దోడు కంప్యూటర్ నేర్చుకుని, జట్టు ఆడిన ప్రతి బంతినీ తెర మీద ఆపి ఆపి చూసే ఈ ఉద్యోగంలో చేరాడు. తమ్ముడి పుణ్యమా అని దొరికిందని చుట్టాలు అంటుంటే ఆయనకి ఒళ్లు మండిపోయేది. ఆయనకంటూ మిగిలింది ఒక్కటే, ఎప్పుడో లీగ్ మ్యాచ్‌లో కొట్టిన నూట నాలుగు పరుగులు. పేపర్లో పడ్డ ఆ వార్త ముక్కని అమ్మ ఫ్రేము కట్టించి హాల్లో తగిలించింది. చిన్నోడికి కప్పులూ పేరూ ఎన్నొచ్చినా, వంద మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదో మాస్టారికి తెలుసు. ఎనభై దాటి ఒళ్లు అలిసేసరికి చిన్నోడి కుడి చెయ్యి బ్యాటు పిడి మీద అంగుళం కిందికి జారుతుంది. ఆ పట్టుతో, ఛాతీ ఎత్తుకి లేచే షార్ట్ బాల్‌ని పక్కకి లాగి పుల్ చేస్తే బంతి నేల మీద పోదు, గాల్లోకి లేస్తుంది. చిన్నప్పుడు వాడు అన్నయ్య బ్యాటుతోనే ఆడేవాడు. మోయలేక కింద పట్టుకునేవాడు. ఆ అలవాటే అలుపొచ్చినప్పుడు తిరిగొస్తుంది. తెలిసి చూస్తే తప్ప కనబడని జారుడు అది. మాస్టారు కనిపెట్టాడు, నోరు కుట్టేసుకున్నాడు. ఎనభై మూడు, ఎనభై ఆరు, ఎనభై ఒకటి, ఎనభై ఐదు. తమ్ముడు అవుటైన ప్రతిసారీ పైకి అయ్యో అన్నాడు, లోపల చల్లబడ్డాడు.

అవతలి జట్టులోనూ ఒక వీడియో మాస్టారు ఉంటాడు కదా. ఆయనా ఆ జారుడు కనిపెట్టాడు, దాచిపెట్టడానికి చిన్నోడు ఆయన తమ్ముడు కాడు. ఇవాళ గెలవడానికి ఐదు పరుగులు కావాలనగా, చేతిలో ఒకే వికెట్ ఉండగా, చిన్నోడు ఎనభై ఎనిమిది మీద ఉండగా, వాళ్లు ఒక ఫీల్డర్ని బౌండరీకి పంపి షార్ట్ బాల్ వేశారు. బంతి లేచింది, క్యాచ్ పట్టారు, ఆట ముగిసింది.

కోచ్ తలుపు తోసుకుని వచ్చాడు. "ఈసారి మీ తమ్ముడి కుడి వరుస ఖాళీగా వదలకు మాస్టారూ. ఒత్తిడికి తట్టుకోలేడు అని రాయి. ఎనభైల్లో అవుటవడం ఐదోసారి ఇది. వచ్చే మ్యాచ్‌కి పక్కన పెడదామనుకుంటున్నా."

"అలాగేనండీ" అన్నాడు మాస్టారు. కోచ్ వెళ్లీ వెళ్లకముందే టైపు చేశాడు. తమ్ముణ్ని పక్కన పెట్టడం అన్నయ్య చేతి మీదుగా, అదీ పైవాళ్ల మాట మీద. ఇంతకంటే ఏం కావాలి? ఆ పూట ఆయనకి కడుపు నిండినట్టుండాలి. ఉంది కూడా, ఒక ఐదు నిమిషాలు.

అప్పుడు చిన్నోడు బ్యాటు పట్టుకుని వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అన్నయ్యా, నాకు వందంటే భయమట. అందరూ అదే అంటున్నారు. నాకైతే అక్కడ భయం తెలియలేదు. నిజమేనంటావా?"

మాస్టారు తెర కేసి చూస్తూ, "ఏమోరా" అన్నాడు.

"నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ప్రేమకొద్దీ దాస్తున్నావేమో, ఈసారి దాచకు. నువ్వు భయం అని రాస్తే భయమనే ఒప్పుకుంటా. ఇదిగో, ఇలాగే కదా కొట్టాను?"

వాడు ఆ ఇరుకు గదిలోనే బ్యాటెత్తి ఆ షాట్ చూపించాడు. పొద్దుటి నుంచి ఆడి ఒళ్లు హూనమైపోయింది, చెయ్యి దానంతటది కిందికి జారింది. మాస్టారికి తన పాత బ్యాటు గుర్తొచ్చింది. అది వాడి ఛాతీ దాకా వచ్చేది. బరువుగా ఉందిరా, వద్దంటే వినేవాడు కాదు. నీలాగే ఆడతా అనేవాడు.

"వెళ్లు, మీటింగ్‌కి వేళైంది" అన్నాడు మాస్టారు.

కాగితం చదవడం మొదలైంది. ఫాస్ట్ బౌలర్లు బలం, స్లిప్‌లో వదిలిన రెండు క్యాచ్‌లు బలహీనత. కెప్టెన్ లేచి విని కూర్చున్నాడు. వికెట్ కీపర్ లేచి విని కూర్చున్నాడు. చిన్నోడి పేరు రాగానే వాడు లేచాడు. అంత దిగులులోనూ ఒకరిద్దరు నవ్వారు.

"బలం, ఓపిక" అని చదివాడు మాస్టారు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బలహీనత భయం కాదు. ఎనభై దాటాక కుడి చెయ్యి పిడి మీద కిందికి జారుతుంది. అందుకే పుల్ చేస్తే బంతి లేస్తుంది. నాలుగు రోజులు సాధన చేస్తే సరిపోతుంది. పక్కన పెట్టక్కర్లేదు."

కోచ్ ముందుకి వంగాడు. "ఇది ఇవాళే చూశావా?"

"రెండేళ్లయింది."

చిన్నోడు పద్ధతి ప్రకారం నిలబడే ఉన్నాడు. ముందు వాడికి అర్థం కాలేదు. తర్వాత చెయ్యి ఎత్తి అరచేతిలోకి చూసుకున్నాడు.

"రెండేళ్లా?" అన్నాడు. "ఎందుకు చెప్పలేదన్నయ్యా?"

ఏదో ఒక సాకు చెప్పవచ్చు. సరిగ్గా తేల్చుకోలేకపోయాననవచ్చు, మర్చిపోయాననవచ్చు. చిన్నోడు నమ్ముతాడు కూడా. నమ్ముతాడని తెలిసే మాస్టారికి ఆ సాకు నోట్లోంచి రాలేదు.

"ఇంట్లో వంద కొట్టినవాణ్ని నేనొక్కణ్నే ఉండాలని."