చిరగడానికి కట్టిన బ్యానరు

డల్సీ ఫుట్‌బాల్ క్లబ్బు షెడ్డులో మోకాళ్ల మీద పాకుతూ, నీలం ముడతల కాగితాల అతుకులకు టేపు అంటిస్తోంది. ఒక్కో అతుకు అయ్యాక టేపు కొసను గోటితో చిన్నగా మడిచి పెడుతుంది. లేకపోతే చుట్టలో ఆ కొస వెతకడానికే సగం జీవితం పోతుంది. వారమంతా బేకరీలో మాంసం కూరిన 'పై' రొట్టెల అంచులు నొక్కే చేతులవి. ఆమె బొటనవేలి ముద్ర తినని కడుపు మానాంగ్రా ఊళ్లో లేదు.

బ్యానరు ఇంటి కప్పంత ఎత్తు. ఆట మొదలయ్యే ముందు జట్టంతా పరుగెత్తుకొచ్చి, దాన్ని చించుకుంటూ మైదానంలోకి దూకుతుంది. వారం రోజుల పని రెప్పపాటులో పీలికలు. డల్సీకి అదే సంబరం.

ఆమెకు స్కోర్లు గుర్తుండవు, చిరుగులు గుర్తుంటాయి. వరదొచ్చిన ఏడు కాగితం రంగు కారి మనవాళ్లంతా నీలం మొహాలతో ఆడారు. అవతలివాళ్లు ఏదో అంటురోగమనుకుని దగ్గరికి రాలేదు, సునాయాసంగా గెలిచాం. గాలివాన నాడు బ్యానరు తన కర్ర వదలని స్నేహితురాలు నోర్మాను కూడా లేపుకుపోయి పోస్టాఫీసు ముందు దించింది. నోర్మా స్టాంపులు కొనుక్కుని, నాలుగు క్వార్టర్ల ఆటలో మూడోదానికి తిరిగొచ్చింది. ఇంకో ఏడు టేపు ఎక్కువై, కెప్టెన్ డారెల్ గుద్దుకుని బంతిలా వెనక్కొచ్చాడు. పక్కూరు బిర్రప్‌లో పెళ్లి జరిగితే ముందు ఆ సంగతి చెప్పుకుంటారు, పెళ్లికొడుకు సంగతి తర్వాత.

ఈ రోజు ఆట ఆ బిర్రప్‌తోనే. ఆటగాళ్లు చాలక వచ్చే ఏడు మానాంగ్రా జట్టు వాళ్లలో కలిసిపోతోంది. ఇదే ఆఖరి ఆట. ఈ ఏడు ఒక్కటీ గెలవలేదు.

"ఈ ఒక్కటి గెలవండ్రా," అంది డల్సీ. "ఓడిపోయిన మొహాలేసుకుని వాళ్లింటికి కాపురానికెలా పోతాం?"

"నువ్వు టేపు తగ్గించు ఆంటీ, గెలుపు నేను చూసుకుంటా," అన్నాడు డారెల్. "నా ముక్కు ఇంకా వంకరగానే ఉంది."

"అది పుట్టుకతోనే వంకర. మీ అమ్మనడుగు."

నోర్మా డల్సీని లేవదీసింది. "ఏమే, అలా ఒగురుస్తున్నావు? డాక్టరుకు చూపించుకున్నావా?"

"సోమవారం చూపిస్తాలే. ఆట పెట్టుకుని శనివారం ఎవరే చచ్చేది?"

ఆట వేళకు జట్టు దూసుకొస్తే బ్యానరు నడిమికి నిలువునా చిరిగింది. డల్సీ కంచె పక్కన మడతకుర్చీలో కూర్చుని, తానే ఆడుతున్నట్టు కాళ్లు విసిరింది. ఆఖరి క్వార్టరులో స్కోర్లు సమం. డారెల్ తన్నిన బంతి గోలు పెద్ద కర్రల మధ్యకు పోకుండా పక్కకు జారి, పెద్ద కర్రకూ దాని పక్క చిన్న కర్రకూ నడుమ నుంచి వెళ్లింది. గురి తప్పినా ఒక పాయింటిచ్చే జాలిగుండె ఆట ఇది. ఆట ముగిసిన సైరన్ మోగింది. ఆ ఒక్క పాయింటుతోనే గెలిచాం.

"ముక్కుసూటిగా తన్నావురా, వంకర ముక్కోడా!" అని అరిచింది డల్సీ.

మైదానం చుట్టూ ఆపిన కార్లన్నీ హారన్లు కొట్టాయి. ఆ మోతకు బిర్రప్‌లో గుడ్లు పెట్టాల్సిన కోళ్లు మూడు రోజులు పెట్టలేదట.

హారన్లు ఆగాక నోర్మా టీ తెచ్చింది. డల్సీ గడ్డం నీలం మఫ్లరులో దిగి ఉంది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది.

"లేవే, టీ ఆరిపోతోంది," అని చెయ్యి పట్టుకుంది నోర్మా. పట్టుకుని, వదల్లేదు.

కుర్చీ కింద గడ్డిలో టేపు చుట్ట ఉంది, వచ్చేసారి వెతుక్కోకుండా కొస మడిచి.